కమ్మరి కొడుకు చెప్పిన లెక్క

మాది దొనకొండ. నీళ్లంటే మాకు బోర్లే. ఇసుక తగిలి పంపు లోపలి భాగాలు అరిగిపోవడం, తుప్పు పట్టడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. అందుకే ఫైనలియర్ ప్రాజెక్టుకి నికెల్ నానో కాంపోజిట్ పూత తీసుకున్నా. నికెల్ లవణాల ద్రావణంలో ఉక్కు ముక్కని కాథోడ్‌గా పెట్టి కరెంటిస్తే, దాని మీద నికెల్ పొర పేరుకుంటుంది. ద్రావణంలో కలిపిన సిలికాన్ కార్బైడ్ నానో రేణువులు ఆ పొరలో చిక్కుకుని దాన్ని గట్టిపరుస్తాయి. ఈ పనికి లెక్క నేర్పినవాడు మైకేల్ ఫారడే. ఈసారి ఆయన గురించే.

1791లో లండన్ దగ్గర ఓ కమ్మరి ఇంట్లో పుట్టాడు. బడి చదువు అంతంతమాత్రం. పద్నాలుగో ఏట బుక్ బైండర్ దగ్గర పనికి చేరి, బైండింగుకొచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సుని బైండు చేసి ఆయనకే పంపాడు. మరుసటేడు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడయ్యాడు. డేవీతో యూరప్ వెళ్తే నౌకరు పనులు కూడా చేయాల్సొచ్చింది. అయినా ల్యాబ్ వదల్లేదు.

1831లో విద్యుదయస్కాంత ప్రేరణ కనిపెట్టాడు. ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే విద్యుద్విశ్లేషణ నియమాలు తేల్చాడు. ఎంత విద్యుత్తు పారితే అంత పదార్థం. ఆ లెక్కన ఒక ఆంపియర్ గంటసేపు పారితే సుమారు 1.09 గ్రాముల నికెల్ దిగాలి. కొంత కరెంటు హైడ్రోజన్‌కి పోతుంది కాబట్టి అసలు బరువు కాస్త తగ్గుతుంది. నానో రేణువులు మాత్రం ఈ లెక్కలోకి రావు. అవి ద్రావణాన్ని కలియబెట్టడం వల్ల వచ్చి చేరేవి. కాబట్టి పూత బరువులో వాటి వాటా ఎంతో విడిగా తేల్చాల్సిందే.

సాహిత్య క్లబ్బు వాళ్లకి నచ్చే సంగతి ఇంకోటుంది. తను చూసినదానికి సరైన మాటలు దొరక్క, 1834లో కేంబ్రిడ్జి పండితుడు విలియం హ్యూయెల్‌ని అడిగాడు ఫారడే. ఆయన గ్రీకు నుంచి ఆనోడ్, కాథోడ్, అయాన్ ఇచ్చాడు. అయాన్ అంటే వెళ్లేది అని అర్థం. ఫారడేకి పెద్ద గణితమూ రాదు. ఆయన ఊహలకి సమీకరణాలు తర్వాత మాక్స్‌వెల్ రాశాడు.

సర్ బిరుదు వద్దన్నాడు, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవీ వద్దన్నాడు. 1867లో కన్నుమూశాడు.

తెలుగు మీడియంలో చదివొచ్చి, క్లాసులో డౌటు అడగడానికి జంకే జూనియర్లకి నేను చెప్పేది ఒకటే. మీరు భయపడే ఆ కాథోడ్ అనే మాట, ఓ కమ్మరి కొడుకు సిగ్గుపడకుండా అడిగి తెచ్చుకున్నదే.