చెయ్యి ఎందుకు వాచింది? – రాబర్ట్ కోచ్ జీవితం



మొన్న మన హాస్టల్‌లో అందరికీ చేతికి టి.బి. పరీక్ష సూది వేశారు కదా. మూడో రోజు నర్సమ్మ స్కేలు పెట్టి కొలిస్తే నా చేతి మీద వాపు 14 మిల్లీమీటర్లు ఉంది. ఎర్రగా, వేడిగా ఉబ్బింది. ఆ రాత్రి నా పక్కన పడుకునేవాళ్ళు చాపలు దూరం జరుపుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఎవరి మీదా కోపం లేదు, నేనూ భయపడ్డాను. తరువాత సైన్సు మేడం గారిని అడిగి, లైబ్రరీ పుస్తకం చదివి ఇది రాస్తున్నాను. ఆ సూదిమందును మొదట తయారు చేసినాయన రాబర్ట్ కోచ్.

కోచ్ 1843 డిసెంబరు 11న జర్మనీలో క్లౌస్టాల్ అనే గనుల ఊళ్ళో పుట్టారు. నాన్న గనుల్లో ఉద్యోగి. ఇంట్లో చాలామంది పిల్లలు. ఐదేళ్ళ వయసులో వార్తాపత్రికలు చూసి తనంతట తానే చదవడం నేర్చుకున్నారట! డాక్టరు చదివి చిన్న ఊళ్ళో పనిచేశారు. ఇంట్లోనే మైక్రోస్కోపు పెట్టుకుని, పశువులను చంపే దొమ్మరోగం ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుందని 1876లో నిరూపించారు.

ఆ రోజుల్లో టి.బి. ఎందుకొస్తుందో ఎవరికీ తెలీదు. కోచ్ రంగు వేసి చూస్తే నీలంగా సన్నటి పుల్లల్లాంటి క్రిములు కనిపించాయి. 1882 మార్చి 24న బెర్లిన్‌లో ఆ సంగతి చెప్పారు. అందుకే మార్చి 24 ప్రపంచ టి.బి. దినం. 1883లో మన కలకత్తాకు కూడా వచ్చి కలరా క్రిమిని పరిశీలించారు.

1890లో కోచ్ టి.బి. క్రిముల నుంచి ట్యూబర్క్యులిన్ అనే మందు తీశారు. తన చేతికే వేసుకుంటే చలి, జ్వరం, వాంతులు వచ్చాయి. రోగులకు వేస్తే జబ్బు ఉన్నచోట బాగా వాచింది. ఆ వాపే జబ్బును నయం చేస్తుందని ఆయన అనుకున్నారు. ఎక్కడెక్కడి నుంచో రోగులు బెర్లిన్ వచ్చారు. కానీ జబ్బు తగ్గలేదు, కొందరు చనిపోయారు. ఆయనకు చెడ్డ పేరొచ్చింది.

ఇంతకీ వాపు ఎందుకొస్తుంది? మన ఊళ్ళల్లో చేనులో అడవిపంది పడితే మొదట చూసినవాడు కేక వేస్తాడు, అందరూ పరిగెత్తుకొస్తారు. ఒంట్లో కూడా అంతే. టి.బి. క్రిమి ఊపిరితిత్తుల్లోకి పోతే మాక్రోఫేజ్ అనే కణం దాన్ని మింగుతుంది. క్రిమి చావకపోతే ఆ కణం రసాయనాలు వదిలి మిగతావాళ్ళను పిలుస్తుంది. అప్పుడు రక్తనాళాలు వెడల్పవుతాయి, నీరు ఊరుతుంది, అందుకే ఎరుపు, వేడి, వాపు. తెల్లకణాలు చుట్టూ చేరి దడి కడతాయి. క్రిములు లోపలే నిద్రపోతాయి. టి-కణాలు ఆ క్రిమిని గుర్తు పెట్టుకుంటాయి. కానీ పందిని తరిమేవాళ్ళు మరీ ఎక్కువైతే చేనే తొక్కుడైపోతుంది. కోచ్ రోగులకు జరిగింది అదే.

1908లో మాంటూ అనే ఫ్రెంచి డాక్టరు ఆ మందునే కొంచెంగా చర్మంలో వేసి పరీక్షగా మార్చారు. గుర్తుపట్టిన కణాలు రెండు మూడు రోజుల్లో అక్కడికి చేరతాయి. కోచ్‌కు 1905లో నోబెల్ బహుమతి వచ్చింది. 1910లో చనిపోయారు.

అంత గొప్పాయన వాపును చూసి మందు అనుకున్నారు. మనం వాపును చూసి జబ్బు అనుకున్నాం. రెండూ తప్పే. వాపు అంటే ఒళ్ళు గుర్తుపట్టింది అని. పోయినేడు మా మామకు టి.బి. వచ్చి ఆరు నెలలు మందులు వాడితే నయమైంది. నా ఒళ్ళు ఆ క్రిమిని అప్పుడే చూసి ఉంటుంది. నా ఎక్స్‌రే బాగుంది. జబ్బు రాకుండా మాత్రలు ఇచ్చారు, మింగుతున్నాను.

కంచం తాకితే, పక్కన పడుకుంటే నా నుంచి ఏమీ రాదు. ఎవరికైనా రెండు వారాలు దగ్గు ఉంటే దాచకుండా వార్డెన్ అమ్మకు చెప్పండి.

ఇక చాపలు మళ్ళీ దగ్గరకు తెచ్చుకోండి.

– 9వ తరగతి విద్యార్థిని