గండిగుంట బలశాలి దండమూడి
బలానికి ఓర్పును జోడించిన క్రీడా జీవితం

చల్లపల్లి: విజయవాడ క్రీడాకారులకు సుపరిచితమైన ఇండోర్‌ స్టేడియం దండమూడి రాజగోపాలరావు పేరు మీద వెలసింది. ఆయన కృష్ణా డెల్టాలోని ఒక పల్లె నుంచి బయలుదేరి ఒలింపిక్‌ వేదికపై బరువులెత్తారన్న సంగతి మాత్రం నేటి తరంలో కొద్దిమందికే తెలుసు. కండలు పెంచడమే వ్యాయామమని యువత భావిస్తున్న ఈ కాలంలో ఆయన జీవితం మరోసారి తలచుకోదగినది.

పొలమే తొలి వ్యాయామశాల
రాజగోపాలరావు 1916లో ఉయ్యూరు సమీపంలోని గండిగుంట గ్రామంలో జన్మించారు. ఆనాటి డెల్టా గ్రామాల్లో శరీర దారుఢ్యానికి మొదటి బడి పొలమే. ధాన్యం బస్తాను ఒక్క ఊపున భుజానికెత్తుకోవడానికి బలం కావాలి. దానిని మోస్తూ గట్టు వెంబడి నడిచి, బండి నిండే వరకు మళ్లీ మళ్లీ తిరగడానికి ఓర్పు కావాలి. రెండింటిలో ఏది కొరవడినా పని సాగదు. తాలింఖానాల్లోనూ ఇదే పద్ధతి ఉండేది. దండీలు, బస్కీలు కండను గట్టిపరిస్తే, కుస్తీ, కర్రసాము ఊపిరిని నిలిపేవి.

సర్కస్‌ నుంచి క్రీడారంగానికి
అంతకు ఒక తరం ముందు వీరఘట్టానికి చెందిన కోడి రామమూర్తినాయుడు ఇనుప గొలుసులు తెంచి, ఏనుగును ఛాతీపైకి ఎక్కించుకుని తెలుగువారి బలానికి ప్రతీకగా నిలిచారు. అది ప్రదర్శనల కాలం. రాజగోపాలరావు నాటికి బలం కొలతకు లొంగింది. ఎత్తిన బరువు ఎన్ని కిలోలో లెక్కగట్టి, పద్ధతి తప్పితే తిరస్కరించే న్యాయనిర్ణేతలు వచ్చారు. ఆ కొత్త రంగంలో ఆయన హెవీవెయిట్‌ విభాగంలో ఏళ్ల తరబడి జాతీయ విజేతగా వెలుగొందారు. ఇండియన్‌ టార్జాన్‌ అన్న పేరు గడించారు.

లండన్‌ వేదికపై...
స్వాతంత్య్రం వచ్చిన మరుసటి ఏడాది, 1948లో లండన్‌లో జరిగిన ఒలింపిక్స్‌లో ఆయన భారత్‌ తరఫున హెవీవెయిట్‌ విభాగంలో పోటీపడ్డారు. అప్పటికి ఆయన వయసు 31 ఏళ్లు. ఆ విభాగంలో అమెరికాకు చెందిన జాన్‌ డేవిస్‌ మొత్తం 452.5 కిలోలతో స్వర్ణం గెలుచుకున్నారు. ప్రపంచ స్థాయికీ, అప్పుడే స్వతంత్రమైన దేశంలోని సౌకర్యాలకూ మధ్య ఎంతో దూరం ఉన్న రోజులవి. పతకం దక్కకపోయినా, గండిగుంట బిడ్డ ఆ వేదికను ఎక్కడమే డెల్టాకు గర్వకారణమైంది. అనంతరం 1951లో న్యూఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లోనూ ఆయన దేశానికి ప్రాతినిధ్యం వహించారు.

తొమ్మిది ఎత్తుల పరీక్ష
నేడు వెయిట్‌లిఫ్టింగ్‌లో స్నాచ్‌, క్లీన్‌ అండ్‌ జెర్క్‌ అనే రెండు విధానాలే ఉన్నాయి. రాజగోపాలరావు కాలంలో వీటికి ముందు ప్రెస్‌ అనే మూడోది కూడా ఉండేది. మోకాళ్లు వంచకుండా, కేవలం భుజబలంతో బరువును తలపైకి నెట్టడం దాని నియమం. 1972 మ్యూనిచ్‌ ఒలింపిక్స్‌ తరువాత దీనిని తొలగించారు. ఒక్కో విధానానికి మూడు అవకాశాల చొప్పున ఆనాటి క్రీడాకారుడికి మొత్తం తొమ్మిది ప్రయత్నాలు ఉండేవి. మొదటి ఎత్తుకు బలం చాలు. మధ్య విరామాల్లో ఒళ్లు చల్లబడకుండా కాపాడుకుంటూ, అత్యధిక బరువును చివరి ఎత్తులో లేపాలంటే అలసటను త్వరగా దిగమింగే శరీరం కావాలి. బలమున్నా తేరుకునే శక్తి లేనివారు అక్కడే వెనుకబడేవారు.

వెండితెర భీముడు
1963లో విడుదలైన నర్తనశాల చిత్రంలో ఆయన భీముని పాత్ర ధరించారు. ఎన్టీ రామారావు బృహన్నలగా, సావిత్రి ద్రౌపదిగా, ఎస్వీ రంగారావు కీచకునిగా నటించిన చిత్రమది. విరాటుని కొలువులో వంటవాడైన వలలునిగా అణగి ఉండి, సమయం వచ్చినప్పుడు కీచకుని మట్టుబెట్టే పాత్రకు ఆయన దేహం నిండుదనం తెచ్చింది. అప్పటికి ఆయన వయసు నలభై అయిదు దాటింది. పోటీల కాలం ముగిసినా భీముడనిపించే శరీరం నిలిచి ఉండటం ఒకటి రెండేళ్ల సాధనతో సాధ్యమయ్యేది కాదు.

నేటికీ అదే పాఠం
రాజగోపాలరావు 1981లో కన్నుమూశారు. ఆ తరం అనుభవంతో గ్రహించినదాన్నే ఈనాటి వైద్యశాస్త్రం లెక్కలతో చెబుతోంది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక వంటి శ్రమ చేయాలని, దానితో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు పనిచెప్పే కసరత్తు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. చల్లపల్లి రోడ్లపై తెల్లవారుజామున నడిచే పెద్దలకు కాస్త బరువుల సాధన అవసరం. జిమ్‌లో బరువులెత్తే కుర్రవాళ్లకు కాస్త నడక, పరుగు అవసరం. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు ఊపిరి బిగబట్టి భారీ బరువులు ఎత్తే ముందు వైద్యుని సలహా పొందడం శ్రేయస్కరం. ఎత్తగలగడంతో పాటు అలసిన తరువాత మళ్లీ ఎత్తగలగడమే నిజమైన దారుఢ్యమని దండమూడి జీవితం చాటుతోంది.