కమ్మరి ఆగస్ట్ ఫ్రూహాఫ్

మన జాతీయ రహదారులపై దీర్ఘకాయములగు లారీలు పోవుచుండుట మీరెల్లరును చూచియుందురు. వానిలో కొన్నిటికి ముందు భాగము వేరు, వెనుక పెట్టె వేరు. లాగు భాగమునకు ట్రాక్టరనియు, సరకు మోయు పెట్టెకు ట్రైలరనియు పేరు. ఇట్టి బండ్లను లోకమునకు అలవాటు చేసినవారిలో ముఖ్యుడొక కమ్మరి. ఆయనయే ఆగస్ట్ ఫ్రూహాఫ్.

ఫ్రూహాఫ్ 1868వ సంవత్సరమున అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున జన్మించెను. డిట్రాయిట్ నగరమున కొలిమి పెట్టుకొని, గుఱ్ఱములకు నాడాలు కొట్టుచు, బండ్లు కట్టుచు జీవనము సాగించుచుండెను. కాని ఆ నగరపు చెంతనే ఫోర్డు కారులు లక్షలుగా తయారగు కాలము వచ్చినది. గుఱ్ఱములు తగ్గినకొలది కొలిమికి పని తగ్గక తప్పదు. నలువదియైదేండ్లు దాటిన వయస్సున కులాసాగా వృత్తి మార్చుకొనుట ఎవరికిని సాధ్యము కాదు.

1914లో సిబ్లీ అను కలప వర్తకుడు ఆయనయొద్దకు వచ్చెను. తన పడవను ఫోర్డు కారుతో ఉత్తరపు సరస్సునకు తీసికొనిపోవలెనని అతని కోరిక. కారు ఆ పడవను మోయజాలదు. అయితే గుఱ్ఱము వీపున మోయు బరువుకంటె ఎన్నో రెట్లు బండిలో లాగునని కమ్మరికి తెలియును. మోటారుకును అదే న్యాయము వర్తించునని తలచి, ఆయన రెండు చక్రముల బండి నొకటి చేసి, దాని ముందు కొస కారు వెనుక భాగముపై ఆనునట్లు తగిలించెను. బరువులో కొంత కారును, మిగిలినది బండి చక్రములును మోసెను. దానికే సెమీ ట్రైలరని పేరు పెట్టిరి. వర్తకుడు సంతసించి, తన కలప అడితికిని అట్టి బండ్లను చేయించుకొనెను.

ఇందలి లాభమును ఒక ఉదాహరణముతో గ్రహింపవచ్చును. ఒక రైతునకు ఒక జత ఎడ్లును, మూడు బండ్లును కలవనుకొనుడు. ఒక బండి చెఱకు తోటలో నిండుచుండును. ఒకటి ఫ్యాక్టరీలో ఖాళీ యగుచుండును. మూడవదానిని ఎడ్లు త్రోవలో లాగుచుండును. ఎడ్లు ఊరక నిలువవు.

నేటి ట్రైలరు అడుగున ఉక్కు మేకు ఒకటి యుండును. ట్రాక్టరుపైనున్న పలక దానిని పట్టుకొనును. గుఱ్ఱపు బండ్ల ముందు ఇరుసుపై తిరుగు వలయమునకు అయిదవ చక్రమని పేరుండెను. ఈ పలకకును ఆ పేరే నిలిచినది. గిడ్డంగి చేరిన డ్రైవరు ట్రైలరు ముందు కాళ్లను నేలకు దింపి, బ్రేకుల గాలి గొట్టములను, దీపముల తీగలను ఊడదీసి, పట్టు వదలించి, ట్రాక్టరును ముందుకు నడపును. పిమ్మట సిద్ధముగానున్న మరియొక ట్రైలరును తగిలించుకొని పోవును. కూలీలు తమ వీలునుబట్టి సరకు దింపుకొందురు. డ్రైవరునకు గంటలకొలది నిరీక్షణ తప్పును.

అయితే ఈ పద్ధతికి ట్రాక్టర్లకంటె ట్రైలర్లు ఎక్కువ కావలెను. వానిని నిలుపుటకు విశాలమైన ఆవరణ కావలెను. ఏది ఎచ్చట నున్నదో లెక్క తప్పరాదు. కావున రాకపోకలు నిత్యము జరుగు చోటనే ఇది లాభకరము.

ఫ్రూహాఫ్ 1918లో తన పేరిట ట్రైలరు కంపెనీని స్థాపించి, 1930లో కాలధర్మము నొందెను. ఆ కంపెనీ 1996లో దివాలా తీసినది. సెమీ ట్రైలరు మాత్రము దేశదేశముల రహదారులపై నేటికిని సాగుచున్నది.

విద్యార్థులారా! మనలో అనేకుల యిండ్లలో తాతముత్తాతలనాటి చేతిపనులు కలవు. కాలము మారెనని ఫ్రూహాఫ్ తన పనితనమును పారవేయలేదు. బండి కట్టుటలో నేర్చినదానినే మోటారునకు అన్వయించెను. పెద్దల పని నేర్చుకొనుటయు, దానికి క్రొత్త ఉపయోగమును వెదకుటయు రెండును అవసరమే యని ఆయన జీవితము తెలుపుచున్నది.