డాక్టరు సోమర్‌వెల్

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో నివసించు మనకు ఎండ చిరపరిచితము. వేసవిలో నల్లరేగడి నేలలు నెఱ్ఱెలు విచ్చును. పెన్నానది ఇసుక కాళ్లను కాల్చును. చలికాలమున తెల్లవారుజామున పొలమునకు పోవు రైతు ఒక గొంగళి కప్పుకొన్నచో ఆ చలి తీరిపోవును. కాని మనుష్యుని వ్రేళ్లలోని రక్తమును సహితము గడ్డకట్టించు చలి ఈ లోకమున కలదు. అట్టి చలిని ఎదిరించి, ఎవరెస్టు శిఖరమునకు కొద్ది దూరము వఱకు ఎక్కి, పిమ్మట తన జీవితమును దక్షిణ భారతమున రోగుల సేవకై వినియోగించిన వైద్యుని చరిత్రము ఇది.

జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ ఆసుపత్రి మన ప్రాంతము వారికి సుపరిచితము. దానిని స్థాపించినది లండన్ మిషను. ఆ సంస్థకే చెందిన మఱియొక ఆసుపత్రి నాటి తిరువాన్కూరు సంస్థానములోని నెయ్యూరు అను గ్రామమున ఉండెను. ఆ గ్రామము నేడు తమిళనాడు రాష్ట్రమున కన్యాకుమారి జిల్లాలో చేరియున్నది. మన కథానాయకుడు పెక్కేండ్లు పనిచేసినది అచ్చటనే.

థియొడోర్ హోవర్డ్ సోమర్‌వెల్ 1890వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన ఇంగ్లాండులోని కెండల్ పట్టణమున జన్మించెను. వారిది తోలుబూట్ల వ్యాపారమునకు పేరుపడిన కుటుంబము. ఆయన కేంబ్రిడ్జిలో చదివి, లండనులో వైద్యవిద్య ముగించెను. చిత్రలేఖనమునందును, సంగీతమునందును ఆయనకు మిక్కిలి ప్రీతి. సెలవు దొరికినపుడెల్ల కొండలెక్కుట ఆయన వాడుక.

మొదటి ప్రపంచయుద్ధమున ఆయన సైనికవైద్యుడుగా ఫ్రాన్సు దేశమునకు పోయెను. 1916లో సోమ్ యుద్ధమునందు గాయపడినవారు గుడారములలో చోటుచాలక బయట నేలమీద బారులుతీరి పడియుండిరి. వారిలో ఎవరిని ముందుగా శస్త్రచికిత్సకు తీసికొనిపోవలయునో వైద్యులే నిర్ణయింపవలసి వచ్చెను. మరణము సమీపించినను, తన్ను ముందు చూడుమని ఆ సైనికులు తొందరపెట్టలేదట. ఈ దృశ్యము సోమర్‌వెల్ మనస్సున చెరగని ముద్ర వేసెను. యుద్ధముపై ఆయనకు విముఖత కలిగెను.

1922లో బ్రిటిషువారు ఎవరెస్టును ఎక్కుటకు ఒక దండును పంపిరి. సోమర్‌వెల్ అందులో చేరెను. ఆ కాలమున నేపాళదేశము విదేశీయులను రానిచ్చెడిది కాదు. కావున వారు డార్జిలింగునుండి టిబెట్టు పీఠభూమి మీదుగా వారములకొలది నడచి పర్వతపాదమును చేరవలసి వచ్చెను.

నాడు వారికున్న సామగ్రిని గూర్చి తెలిసికొన్నచో మనకు ఆశ్చర్యము కలుగును. నేటి కృత్రిమ వస్త్రములు వారికి లేవు. ఉన్నిచొక్కాలు, పట్టుబనియనులు ఒకదానిపై నొకటి తొడిగి, పైన గాలి చొరని గాబర్డీను కోటు ధరించెడివారు. వట్టి బరువైన వస్త్రము చలిని ఆపదు. పొరలనడుమ చిక్కుకొన్న గాలియే శరీరములోని వేడిని బయటికి పోనీయదు. ఈ సూత్రమును బాగుగా గ్రహించినవాడు ఫించ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు. ఆయన బెలూనులకు వాడు గుడ్డలో మెత్తని బాతుయీకలు కూరి అంగీ కుట్టించుకొనెను. తొలుత తోడివారు దానిని చూచి నవ్విరి. చలిగాలులు వీచినపుడు ఆ అంగీ విలువ వారికి తెలిసివచ్చెను. నేటి పర్వతారోహకులు ధరించునవి అట్టి యీకల అంగీలే.

బూట్ల విషయమునను ఒక చిక్కు ఉండెను. మంచుపై జారకుండుటకు అడుగున ఇనుపమేకులు కావలయును. కాని ఇనుము వేడిని త్వరగా బయటికి లాగివేయును. మేకులు ఎక్కువైనకొలది పాదములు గడ్డకట్టును. అందుచే మేకులు తగ్గించి, లోపల దట్టమైన ఉన్నిని అమర్చుకొనెడివారు. వీనికి తోడు నారత్రాళ్లు, కఱ్ఱపిడి గల మంచుగొడ్డలి, రంగుటద్దములు ఉండెడివి. త్రాగునీటికై మంచును కరగింపవలయును. ఆ యెత్తున గాలిపీడనము తక్కువగుటచే నీరు తగినంత వేడెక్కకమునుపే మరగిపోవును. వేడి తేనీరు సైతము దుర్లభము.

1922 మే 21వ తేదీన మాలరీ, నార్టన్, సోమర్‌వెల్ అను మువ్వురు ప్రాణవాయువు తొట్లు లేకయే సుమారు 8,225 మీటర్ల యెత్తు చేరిరి. అంతకుముందు మానవుడెవ్వడును అంత యెత్తు ఎక్కియుండలేదు. దిగునపుడు, దారిలో ఆగియున్న మోర్స్‌హెడ్ వారితో చేరెను. నలుగురును ఒకే త్రాటికి కట్టుకొనియుండిరి. ఒకరు జారగా మఱి ఇద్దఱును ఆయనతో జారిపోవుచుండిరి. మాలరీ తత్‌క్షణమే మంచుగొడ్డలిని నాటి, త్రాటిని దానికి చుట్టి నలుగురి ప్రాణములను నిలిపెను. మోర్స్‌హెడ్ మాత్రము మంచుకాటుచే వ్రేళ్లకొనలు కోల్పోయెను.

జూన్ 7వ తేదీన వారు మరల ఎక్కుచుండగా మంచుచరియ విరిగిపడెను. ఏడుగురు కూలీలు దానిక్రింద ప్రాణములు విడిచిరి. బ్రిటిషువారిలో ఒక్కరికిని హాని కలుగలేదు. ఆ వాలున పోవుట క్షేమమేయని తలచినవారిలో సోమర్‌వెల్ ఒకడు. తమ నిర్ణయమునకు ఆ నిరుపేదలు బలియైరని, తమలో ఒకరైనను వారితోపాటు మరణించియుండిన బాగుండెడిదని ఆయన మిగుల పరితపించెను.

దండు తిరిగివచ్చిన పిమ్మట ఆయన భారతదేశమున సంచరించుచు నెయ్యూరునకు పోయెను. అచ్చట రోగులు గుంపులుగా నిరీక్షించుచుండిరి. అంతమందికి శస్త్రవైద్యుడు ఒక్కడే. అతడు పనిభారముచే సొమ్మసిల్లియుండెను. అది చూచి సోమర్‌వెల్ తన త్రోవను నిర్ణయించుకొనెను. లండనులో తనకై వేచియున్న గొప్ప ఉద్యోగావకాశమును వదలుకొని 1923లో నెయ్యూరు చేరెను.

1924లో రెండవ దండు బయలుదేరగా ఆయనకు మరల పిలుపు వచ్చెను. ఈ పర్యాయము పెనుమంచు కురియుటచే నలుగురు కూలీలు ఏడువేల మీటర్ల యెత్తున నున్న శిబిరమున చిక్కుకొనిపోయిరి. శిఖరమునకు పోవుటకంటె వారిని రక్షించుటయే ముఖ్యమని నాయకుడైన నార్టన్ నిశ్చయించెను. మాలరీ, నార్టన్, సోమర్‌వెల్ మువ్వురును పోయిరి. ఆ ప్రమాదకరమైన వాలునకు అడ్డముగా త్రాటితో ముందునడచినవాడు సోమర్‌వెల్. కాని అది కొన్ని గజములు చాలలేదు. కూలీలు తామే ఆ దూరమును దాటవలసి వచ్చెను. చివరి ఇద్దఱు ఒక్కసారిగా కదలుటచే కాలుజారి కొంతదూరము దొర్లిపోయి అగాధమునకు పైన ఆగిరి. అంతట సోమర్‌వెల్ తన నడుమునకున్న త్రాటిని విప్పి, నాటిన మంచుగొడ్డలికి చుట్టి, దాని కొసను ఒకచేత పట్టుకొని, రెండవచేత వారిని ఒక్కొక్కరిని పైకి లాగెను. నలుగురును బ్రదికిరి. రెండేండ్లక్రితపు దుఃఖమును ఎఱిగినవారికి ఈ సాహసముయొక్క అర్థము బోధపడకపోదు.

జూన్ 4వ తేదీన నార్టన్, సోమర్‌వెల్ శిఖరమునకై బయలుదేరిరి. ఒక్కొక్క అడుగునకు పదిసార్లు ఊపిరి పీల్చవలసివచ్చెను. పొడిచలిగాలికి సోమర్‌వెల్ గొంతు లోపల పుండుపడెను. సుమారు 8,500 మీటర్ల యెత్తున ఆయన కూర్చుండిపోయి, నార్టన్‌ను ముందుకు పొమ్మనెను. నార్టన్ ఒంటరిగా 8,573 మీటర్ల వఱకు పోయి మరలెను; రంగుటద్దములు తీసివేసినందున ఆ రాత్రియే ఆయనకు తాత్కాలికముగా చూపు పోయెను. తిరుగుత్రోవలో సోమర్‌వెల్ గొంతునకు ఏదియో అడ్డుపడి ఊపిరి నిలిచిపోయెను. మరణము తప్పదనుకొని మంచుపై కూర్చుండి, రెండుచేతులతో ఱొమ్మును బలముగా నొక్కుకొనెను. గొంతులో చెడిపోయిన పొర ఊడి బయటపడెను, ఊపిరి ఆడెను. పిమ్మట ఆయన తన చిన్న కెమెరాను మాలరీకి ఇచ్చెను. జూన్ 8వ తేదీన శిఖరమునకు పోయిన మాలరీ, ఇర్విన్ మరల రాలేదు. మాలరీ దేహము 1999లో కనబడినను ఆ కెమెరా దొరకలేదు.

సోమర్‌వెల్ నెయ్యూరునకు తిరిగివచ్చి 1949 వఱకు సేవచేసెను. ఆ ప్రాంతమున మెండుగానున్న ప్రేగుపుండ్లకు శస్త్రచికిత్సలు చేసెను, కుష్ఠురోగులను ఆదరించెను. పిమ్మట 1961 వఱకు వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో యువవైద్యులకు శస్త్రవిద్య నేర్పెను. స్వదేశమున 1975 జనవరి 23వ తేదీన మరణించెను.

ఎవరెస్టు యెత్తు 8,849 మీటర్లు. ఆ చివరి మూడువందల యేబది మీటర్లు సోమర్‌వెల్ ఎన్నడును ఎక్కలేదు. కాని జమ్మలమడుగునుండియు, పులివెందులనుండియు కష్టవ్యాధులతో మనవారు ఎందఱో వేలూరునకు పోవుచుందురు. ఆ వైద్యాలయమున గురువుగా నిలిచినవారిలో, మంచువాలుపై తన త్రాటిని విప్పి పరుల ప్రాణములను కాపాడిన ఈ వైద్యుడును ఒకడని మనము జ్ఞప్తియందుంచుకొనవలయును.