స్వాతంత్ర్య యోధుడు హువాన్ సెగీన్

విప్లవాల చరిత్ర వ్రాసేవారు సాధారణంగా విజయంతోనే గ్రంథాన్ని ముగిస్తారు. జెండా ఎగిరిన తరువాత, దానిని ఎగురవేసిన వారిలో కొందరి గతి ఏమైనదో విచారించే ఓపిక వారికి ఉండదు. టెక్సాస్ స్వాతంత్ర్య సమరం అన్నంతనే సాం హ్యూస్టన్, స్టీఫెన్ ఆస్టిన్, విలియం ట్రావిస్ పేర్లు వినవస్తాయి. వారితో కలసి పోరాడిన హువాన్ సెగీన్ పేరు చాలాకాలం మరుగుననే ఉండిపోయినది. ఆ మహనీయుని జీవితాన్ని మా విద్యార్థి మిత్రుల ముందుంచదలచినాము.

1806 అక్టోబరు 27న సాన్ ఆంటోనియో పట్టణంలో సెగీన్ జన్మించినాడు. నాటికి ఆ ప్రాంతం స్పెయిన్ సామ్రాజ్యపు ఉత్తర సరిహద్దు. తండ్రి ఎరాస్మో సెగీన్ ఆ పట్టణంలో పేరుప్రతిష్ఠలు గలవాడు. 1821లో మెక్సికో స్వతంత్రమైనది. అమెరికా నుండి కుటుంబాలను తెచ్చి ఆ విశాల భూములలో నిలిపేందుకు వచ్చిన ఆస్టిన్‌కు దారి చూపి, తోడు నిలిచినవాడు ఈ ఎరాస్మోయే. 1824 నాటి రాజ్యాంగ సభలో టెక్సాస్ ప్రతినిధి కూడా ఆయనే. కనుక వలసవచ్చిన వారితో స్నేహం సెగీన్‌కు తండ్రి నుండి సంక్రమించినది.

అయితే ఆ వలస వెల్లువ అయినది. కొద్ది సంవత్సరాలలోనే ఆంగ్లభాషీయులు స్పానిష్ మాట్లాడే స్థానికులను మించిపోయినారు. వారిలో అనేకులు పత్తి సేద్యానికై నల్లజాతి బానిసలను వెంట తెచ్చినవారు. మెక్సికో ప్రభుత్వమో, 1829లో బానిసత్వాన్ని రద్దు చేసినది. 1830లో అమెరికా నుండి వలసనే నిషేధించినది. ఈ కలతలలోనే జనరల్ సాంటా ఆన్నా 1824 రాజ్యాంగాన్ని త్రోసిపుచ్చి అధికారమంతా రాజధానిలో కేంద్రీకరించినాడు. టెక్సాస్ పోరాటాన్ని కేవల స్వాతంత్ర్యకాంక్షగా వర్ణించడం సత్యదూరమని మా అభిప్రాయం. బానిసలపై హక్కు కోసం ఆయుధం పట్టినవారు అందులో ఉన్నారు; రాష్ట్రాల హక్కుల కోసం, రాజ్యాంగం కోసం పట్టినవారూ ఉన్నారు. సెగీన్ రెండవ కోవకు చెందినవాడు.

1834లో నగర పరిపాలకుడుగా పనిచేసిన ఆయనకు 1835 అక్టోబరులో ఆస్టిన్ కెప్టెన్ పదవి ఇచ్చినాడు. స్థానిక యువకులతో దళాన్ని కూర్చి, ఆ డిసెంబరులో సాన్ ఆంటోనియో విముక్తిలో ఆయన పాల్గొన్నాడు. 1836 ఫిబ్రవరిలో సాంటా ఆన్నా మహాసైన్యంతో విరుచుకుపడగా, ట్రావిస్ నాయకత్వాన చిన్నదండు ఆలమో అనే పాత మిషన్ కట్టడంలో చేరినది. సెగీన్ కూడా వారిలో ఒకడు. సహాయం కోరుతూ వార్త పంపవలసి వచ్చినపుడు ఆయననే ఎన్నుకొన్నారు. స్పానిష్ భాష, ఆ నేల దారులు క్షుణ్ణంగా ఎరిగిన ఆయన ఒక రాత్రి శత్రుపంక్తులను దాటి వెళ్ళినాడు. బలగాన్ని సమకూర్చుకొనే లోపుననే, మార్చి 6న ఆలమో కూలినది. లోపల పోరాడిన వారందరూ హతులైనారు. వారిలో సెగీన్ స్వజాతీయులూ ఉన్నారన్న సంగతిని తరువాతి కాలపు కథకులు ఎంత సులభంగా మరచినారో!

ఏప్రిల్ 21న సాన్ హసింటో వద్ద నిర్ణాయక యుద్ధం జరిగినది. తమవారే మెక్సికన్లని భ్రమించి కాల్చివేస్తారేమోనన్న భయంతో సెగీన్ దళాన్ని సామాన్ల కాపలాకు ఉంచాలని హ్యూస్టన్ భావించినాడు. సెగీన్ సమ్మతించలేదు. తనవారికే సాంటా ఆన్నాపై పగ తీర్చుకోవలసిన కారణాలు ఎక్కువని వాదించినాడు. చివరకు ఆ ఇరువది మందికి పైచిలుకు యోధులు టోపీలకు అట్టముక్కలు గుర్తుగా పెట్టుకొని రణరంగంలోకి దిగినారు. తమ దేశం కోసం ప్రాణమివ్వబోతూ, తాము శత్రువులము కామని టోపీపై గుర్తు ధరించవలసి వచ్చిన ఆ దృశ్యాన్ని పాఠకులు ఒక్కసారి భావించుకోవాలి. యుద్ధం 18 నిమిషాలలో ముగిసినది. మరునాడు సాంటా ఆన్నా బందీ అయినాడు.

1837 ఫిబ్రవరి 25న ఆలమో వీరుల చితాభస్మాన్ని సైనిక లాంఛనాలతో ఖననం చేయించినది సెగీనే. అదే సంవత్సరం టెక్సాస్ రిపబ్లిక్ సెనేట్‌కు ఎన్నికైనాడు. అందులో ఆ జాతి ప్రతినిధి ఆయన ఒక్కడే. ఆంగ్లం రాదు కనుక దుబాసీ సహాయంతో సభా వ్యవహారాలు నెరపినాడు. ప్రజలు తమకు తెలియని చట్టాన్ని ఎట్లా పాటించగలరన్నది ఆయన వాదం. అందుకే చట్టాలను స్పానిష్‌లోనూ ముద్రించాలని పట్టుబట్టినాడు. రెండు భాషలు ఒకే అట్టలో ఇమిడిన ఈ సంచికను చదివేవారికి ఆ కోరిక విలువను మేము విడమరచి చెప్పనక్కరలేదు.

1841లో సాన్ ఆంటోనియో మేయరైనాడు. అప్పటికి కొత్తగా వచ్చిన సాహసికులు స్థానికుల భూములపై కన్నువేసి ఉన్నారు. వారికి ఆయన అడ్డుగోడ అయినాడు. 1842 మార్చిలో మెక్సికన్ సేనాని వాస్కెజ్ పట్టణంపై దాడి చేసినపుడు, సెగీన్ తమవాడేనని పుకారు పుట్టించినాడు. దాడి గురించి ముందుగా హెచ్చరించినది సెగీనే అయినా వినేవారు లేకపోయినారు. ప్రాణభయంతో ఏప్రిల్‌లో పదవి విడిచి, కుటుంబంతో మెక్సికో చేరినాడు. అక్కడ ఆయనను బంధించినారు. చెరసాలా, సైన్యమా అన్నదే ఆయన ముందు మిగిలిన ప్రశ్న. సాంటా ఆన్నా సైన్యంలో చేరి, ఆ సెప్టెంబరులో తన పట్టణంపైకే శత్రువుగా దండెత్తి రావలసి వచ్చినది. ఆయనను ద్రోహి అన్నవారు ఈ ఒక్క నెలనే చూచినారు. దానికి ముందున్న ఏడేండ్లను చూడలేదు.

1848లో యుద్ధం ముగిసిన పిదప ఆయన టెక్సాస్‌కు తిరిగివచ్చి, న్యాయాధికారిగా పనిచేసి, 1858లో తన జ్ఞాపకాలను గ్రంథంగా ప్రకటించి, తనపై పడిన నిందకు సమాధానమిచ్చినాడు. వార్ధక్యంలో కుమారుని చెంతకు మెక్సికోలోని నువో లారెదో చేరి, 1890 ఆగస్టు 27న అక్కడనే కన్నుమూసినాడు.

1839 నుండి ఆయన పేరుతో టెక్సాస్‌లో ఒక పట్టణం ఉన్నది. ఆయన నిందితుడైన కాలంలోనూ ఆ పేరు మారలేదు. 1974లో అస్థికలను సరిహద్దు దాటించి తెచ్చినారు. 1976 జూలై 4న సెగీన్ పట్టణంలోనే సమాధి చేసినారు. ఆయన అనంతరం సాన్ ఆంటోనియోకు ఆ సంతతివాడు మేయరు కావడానికి 1981 వరకు ఆగవలసి వచ్చినది.