కళ్లు కనిపించని రోజుల్లో సూర్యుడి మీద పాట: అసిసీ ఫ్రాన్సిస్ జీవితం

నవవిధ భక్తిలో కీర్తనం గురించి వీడియో పెట్టినప్పటి నుంచి ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. దేవుడికి అన్నీ తెలుసు, అన్నీ ఉన్నాయి, మరి మనం ఆయన్ని పొగడటం ఎందుకు, మన పొగడ్తలతో ఆయనకేం పని అని. నిజం చెప్పాలంటే ఈ ప్రశ్న నాకూ ఉంది. దీన్ని ఇంకొంచెం గట్టిగా కూడా అడగొచ్చు. ఉద్యోగం పోయినప్పుడు, ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేనప్పుడు, దేవుణ్ణి అడగడానికి చాలా ఉంటుంది. తిట్టడానికి కూడా ఉంటుంది. పొగడటానికి ఏముంటుంది?

ఈ వారం దీనికి సమాధానం 800 ఏళ్ల కిందటి ఇటలీలో వెతుకుదాం. మన ఛానెల్లో క్రైస్తవ సాధువు ఏంటని కొందరికి అనిపించొచ్చు. ఎవరినీ అటూ ఇటూ మారమని చెప్పే పోస్ట్ కాదిది. ఒక మనిషి స్తుతిని ఎంత దూరం తీసుకెళ్లాడో చూద్దామనే ఈ ప్రయత్నం.

ముందు రెండు మాటలు. క్రైస్తవ స్నేహితులున్నవాళ్లు దేవునికి స్తోత్రం అనే మాట, హల్లెలూయా అనే మాట వినే ఉంటారు. హల్లెలూయా హీబ్రూ మాట, దేవుణ్ణి స్తుతించండి అని అర్థం. బైబిల్లో 150 పాటలున్న ఒక పుస్తకం ఉంది. తెలుగు బైబిల్లో దాని పేరు కీర్తనలు. హీబ్రూలో తెహిల్లీమ్, అంటే స్తుతులు. విచిత్రం ఏంటంటే ఆ పాటల్లో చాలా వాటిలో ఏడుపులు, భయాలు, దేవుడి మీద ఫిర్యాదులు ఉంటాయి. అయినా మొత్తం పుస్తకానికి స్తుతులనే పేరు పెట్టారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరమవుతుంది.

క్రైస్తవులు ప్రార్థనలో అడగడాన్ని, కృతజ్ఞతని, స్తుతిని వేరువేరుగా చూస్తారు. అడగడం మనకి బాగా అలవాటే. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే టికెట్ రైజ్ చేయడం. టికెట్ క్లోజ్ అయ్యాక థాంక్స్ చెప్తే అది కృతజ్ఞత. స్తుతికి టికెట్‌తో సంబంధమే లేదు. దేవుడు మనకేం చేశాడన్న లెక్క పక్కన పెట్టి, ఆయన ఎలాంటివాడో నోరారా చెప్పుకోవడం స్తుతి. ఇక కథలోకి వెళ్దాం.

ఫ్రాన్సిస్ 1181లోనో 1182లోనో ఉంబ్రియా ప్రాంతంలోని అసిసీ అనే కొండ ఊళ్లో పుట్టాడు. తండ్రి పియెత్రో ది బెర్నార్దోనె పెద్ద బట్టల వ్యాపారి. బాప్తిస్మంలో పెట్టిన పేరు జొవాన్ని అయినా, తండ్రి మాత్రం ఫ్రాంచెస్కో అని పిలిచేవాడు. కుర్రాడు డబ్బులు మంచినీళ్లలా ఖర్చు పెట్టేవాడు. రాత్రిళ్లు ఫ్రెండ్స్‌తో విందులు, వీధుల్లో ఫ్రెంచి పాటలు. పాట అతనికి మొదటి నుంచీ ఉంది, దేవుడు మాత్రం తర్వాత వచ్చాడు.

వీరుడిగా పేరు తెచ్చుకోవాలని కోరిక. 1202లో పక్క ఊరు పెరూజాతో యుద్ధంలో పట్టుబడి దాదాపు ఏడాది జైల్లో ఉన్నాడు. బయటికొచ్చాక చాలా కాలం జబ్బు. కొంచెం కోలుకుని కర్ర పట్టుకుని బయటికెళ్లి పొలాలు, ద్రాక్షతోటలు చూశాడట. ఒకప్పుడు ఎంతో నచ్చిన ఆ అందం ఇప్పుడు ఏమాత్రం సంతోషం ఇవ్వలేదు. కళ్లు బాగానే ఉన్నాయి, ముందున్నది అందంగానే ఉంది, లోపల మాత్రం ఏమీ కదల్లేదు. మంచి జీతం, మంచి ఫ్లాట్ ఉండి కూడా ఆదివారం సాయంత్రం అయ్యేసరికి ఏదోలా ఉండేవాళ్లకి ఇది అర్థమవుతుంది.

అక్కడి నుంచి మార్పు మొదలైంది. 1205లో మళ్లీ యుద్ధానికి బయల్దేరి, దారిలో స్పొలెతోలో వచ్చిన ఒక కలతో వెనక్కి తిరిగాడు. కుష్ఠురోగులంటే అసహ్యపడే మనిషి ఒక రోగి చేతిని ముద్దు పెట్టుకుని, తర్వాత వాళ్ల మధ్యే సేవ చేశాడు. ఊరి బయట పాడుబడిన సాన్ దమియానో గుడిలో ప్రార్థిస్తుంటే, తన ఇంటిని బాగుచెయ్యమని సిలువ మీది క్రీస్తు చెప్పినట్టు వినిపించింది. వెంటనే తండ్రి దుకాణంలోని బట్టలు పట్టుకెళ్లి ఫొలీన్యోలో అమ్మేశాడు, ఎక్కిన గుర్రంతో సహా. తండ్రికి మండింది. విషయం బిషప్ ముందుకెళ్లింది. 1206లో అందరూ చూస్తుండగా ఫ్రాన్సిస్ ఒంటి మీద బట్టలు కూడా విప్పి తండ్రి ముందు పెట్టేశాడు. ఇక నుంచి తనకి పరలోకంలో ఉన్నవాడే తండ్రి అన్నాడు.

తర్వాత జరిగింది నాకు చాలా ఇష్టం. చినిగిన గుడ్డలతో అడవిలో ఫ్రెంచిలో దేవుడి స్తుతులు గట్టిగా పాడుకుంటూ వెళ్తుంటే దొంగలు పట్టుకున్నారు. నువ్వెవరని అడిగితే, తాను మహారాజు దూతనని చెప్పాడు. దోచుకోవడానికి ఏమీ లేకపోయేసరికి కొట్టి మంచు నిండిన గుంటలో పడేసి పోయారు. వాళ్లు వెళ్లాక పైకొచ్చి, మంచు దులుపుకుని మళ్లీ పాట అందుకున్నాడు. కుర్రతనంలో పాడిన అదే భాష, అదే గొంతు. పాట ఎవరి కోసమన్నదే మారింది.

1209లో కొద్దిమంది తోటివాళ్లతో రోమ్ వెళ్లి పోప్ మూడో ఇన్నోసెంట్ దగ్గర తమ జీవన విధానానికి అనుమతి తెచ్చుకున్నాడు. ఆస్తి ఉండకూడదు, కూలి చేసుకోవాలి, లేకపోతే అడుక్కోవాలి. కొన్నేళ్లలోనే సోదరుల సంఖ్య వేలకి చేరింది. 1219లో క్రూసేడ్ యుద్ధాల మధ్య ఈజిప్టుకెళ్లి సుల్తాన్ అల్ కామిల్‌ని కలిశాడు. సుల్తాన్ మర్యాదగా మాట్లాడి క్షేమంగా పంపించాడు. తిరిగొచ్చాక ఫ్రాన్సిస్ పాలకులందరికీ ఒక ఉత్తరం రాశాడు. రోజూ సాయంత్రం చాటింపు వేయించో, ఇంకేదైనా సైగ చేయించో, ప్రజలందరి చేతా దేవుణ్ణి స్తుతింపజేయమని. ఈజిప్టులో విన్న అజాన్ ప్రభావం ఇందులో ఉందని చాలామంది పరిశోధకులు అంటారు. వేరే మతంవాళ్ల దగ్గర మంచి అలవాటు కనిపిస్తే దాన్ని చూసి నేర్చుకోవచ్చని ఆయనకి అనిపించి ఉండాలి.

ఈజిప్టు నుంచి కంటి జబ్బు కూడా వెంట వచ్చింది. సంఘం పెద్దదయ్యేకొద్దీ పేదరికం ఎంతవరకు పాటించాలన్న గొడవలు పెరిగాయి. 1220లో నాయకత్వం వదిలేశాడు. 1224లో లా వెర్నా కొండ మీద ఉపవాసంలో ఉండగా, సిలువ మీద క్రీస్తుకి అయిన గాయాలు ఆయన ఒంటి మీదా కనిపించాయని తోటి సోదరులు చెప్పారు. ఆ కొండ మీదే లియో అనే సోదరుడి కోసం ఒక చిన్న తోలు కాగితం మీద స్వయంగా స్తుతి రాసిచ్చాడు. ఆ కాగితం ఇప్పటికీ అసిసీ బసిలికాలో భద్రంగా ఉంది. అందులో ఒక్క కోరిక కూడా లేదు. నువ్వు ప్రేమవి, నువ్వు జ్ఞానానివి, నువ్వు శాంతివి అనే తీరులో దేవుడి గుణాలే వరసగా ఉంటాయి. మన అష్టోత్తరాలు చదివేవాళ్లకి ఆ వరస కొత్తగా అనిపించదు.

ఇక అసలు పాట. 1225లో ఫ్రాన్సిస్ సాన్ దమియానోలో చాపలతో కట్టిన చిన్న గుడిసెలో పడి ఉన్నాడు. కళ్లు దాదాపు పోయాయి. 50 రోజులకి పైగా పగలు సూర్యుడి వెలుగు, రాత్రి దీపం వెలుగు భరించలేకపోయాడు. నిద్ర లేదు. ఒంటి మీద, తినే చోట ఎలుకలు తిరిగేవి. ఒక రాత్రి తన మీద తనకే జాలేసి దేవుణ్ణి సాయం అడిగాడు. ఈ బాధల చివర దేవుడి రాజ్యం ఖాయమన్న భరోసా మనసులో కలిగింది. పొద్దున లేచి కూర్చుని ఒక స్తుతి కట్టాడు, దానికి రాగం కూడా. పండితుల లాటిన్‌లో కాకుండా ఊళ్లోవాళ్లు మాట్లాడే ఉంబ్రియా భాషలో. ఇటలీ సాహిత్యంలో తొలి గొప్ప కవితల్లో ఒకటిగా దాన్ని ఇప్పటికీ చదువుతారు.

ఆ పాటలో సూర్యుడు అన్న, చంద్రుడు, నక్షత్రాలు అక్కచెల్లెళ్లు. గాలి, నీళ్లు, నిప్పు, నేల అన్నీ తోబుట్టువులే. భూమి అక్క కూడా, అమ్మ కూడా. ఇక్కడ ఒక తేడా స్పష్టంగా చెప్పాలి. మనం సూర్యుణ్ణి దేవుడిగా కొలుస్తాం. ఫ్రాన్సిస్‌కి సూర్యుడు దేవుడు కాడు, ఒకే తండ్రికి పుట్టిన అన్న. స్తుతి మొత్తం సృష్టించినవాడికే. ఆ పాటలో వాడిన ఒక చిన్న మాటకి వీటి వల్ల, వీటి ద్వారా, వీటి చేత అని మూడు అర్థాలూ వస్తాయి. సూర్యుడి వల్ల దేవుణ్ణి పొగడాలా, సూర్యుడే పొగుడుతున్నాడా అని పండితులు ఇంకా చర్చించుకుంటూనే ఉన్నారు.

నన్ను ఆపేసింది మాత్రం ఆ సమయం. కళ్లున్న రోజుల్లో పొలాలు చూసి ఏమీ అనిపించని మనిషి, వెలుగు తగిలితేనే నొప్పి పుట్టే రోజుల్లో వెలుగుని పాడాడు. మా అమ్మమ్మకి గ్లకోమాతో చూపు పోయి రెండేళ్లయింది. ఇప్పటికీ పొద్దున్నే బాల్కనీలో కూర్చుని ఆదిత్యహృదయం నోటికి చదువుతుంది. కనిపించని సూర్యుడికి ఎందుకమ్మమ్మా అని ఒకసారి అడిగాను. ఎండ మొహానికి తగులుతోంది కదా, ఆయన వచ్చినట్టే అంది. ఆదిత్యహృదయం కూడా యుద్ధంలో అలసిపోయిన రాముడికి అగస్త్యుడు చెప్పిందే కదా. బాగా ఉన్నవాళ్ల కోసం పుట్టిన స్తోత్రం కాదది.

పాట కట్టడం తేలికే, నిలబడటం కష్టం అంటారా? ఫ్రాన్సిస్‌కి ఆ పరీక్ష కూడా వచ్చింది. ఫొంతె కొలొంబో అనే చోట వైద్యుడు ఎర్రగా కాల్చిన ఇనుముతో చెవి దగ్గర నుంచి కనుబొమ్మ దాకా వాత పెట్టాడు. చూడలేక తోటి సోదరులు గదిలోంచి పారిపోయారు. ఫ్రాన్సిస్ మాత్రం నిప్పుని అన్నా అని పిలిచి, నువ్వంటే నాకు ఎప్పుడూ ఇష్టమే, ఈ పూట కొంచెం మెల్లగా ఉండు అని అడిగాడట. ఆ వైద్యంతో చూపు రాలేదు. పాట మాత్రం ఆగలేదు.

ఆ పాట ఒక గొడవ కూడా ఆపింది. అసిసీ బిషప్ నగర పాలకుణ్ణి వెలివేశాడు. పాలకుడు బిషప్‌తో ఎవరూ క్రయవిక్రయాలు చేయకూడదని ఆజ్ఞ వేశాడు. జబ్బుతో మంచం మీదున్న ఫ్రాన్సిస్ క్షమించేవాళ్ల గురించి పాటలో కొత్త చరణం కలిపి, ఇద్దరి ముందు తన సోదరుల చేత పాడించాడు. ఇద్దరూ ఒకరినొకరు క్షమించుకున్నారని తొలినాటి జీవిత కథలు చెప్తాయి. సూర్యుడు, నిప్పు, నీళ్లు ఉన్న వరసలో మనుషులు చేరింది ఇక్కడే, అదీ క్షమించేవాళ్లుగా.

చివరికి ఎక్కువ రోజులు లేవని వైద్యుడు చెప్పాడు. ఫ్రాన్సిస్ మరణాన్ని అక్కా రా అని పిలిచి ఇంకో చరణం కలిపాడు. బిషప్ ఇంట్లో పడుకుని పగలూ రాత్రీ అదే పాట పాడించుకునేవాడు. ఏలియా అనే సోదరుడికి ఇబ్బందిగా అనిపించింది. చావు దగ్గర పడ్డప్పుడు ఈ పాటలేంటని బయటివాళ్లు అనుకుంటారేమో అన్నాడు. దేవుడితో ఇంత దగ్గరగా ఉన్నప్పుడు సంతోషించనివ్వమని ఫ్రాన్సిస్ బతిమాలుకున్నాడు.

1226 అక్టోబర్ 3 సాయంత్రం, పొర్సియుంకుల అనే చిన్న గుడి దగ్గర, ఆయన ప్రాణం పోయింది. వయసు నలభై నాలుగో, నలభై ఐదో. ఆఖరి గంటల్లో బైబిల్ కీర్తనల్లోంచి ఒకటి అందుకున్నాడు. అది సంతోషం పాట కాదు, దిక్కులేక దేవుడికి మొరపెట్టుకునే పాట. స్తుతుల పుస్తకంలో ఏడుపులు ఎందుకున్నాయో ఇక్కడ అర్థమవుతుంది. బాధని దాచిపెట్టి నవ్వు మొహంతో పొగడటం స్తుతి కాదు. బాధ ఉన్నచోటే ఉండి, దేవుడు ఇంకా మంచివాడేనని చెప్పడం స్తుతి. రెండేళ్లు తిరక్కుండానే, 1228లో, ఆయన్ని సెయింట్‌గా ప్రకటించారు.

మరి దేవుడికి పొగడ్తలు కావాలా? మన స్తుతి దేవుడికి కొత్తగా ఏమీ కలపదని, మేలు జరిగేది మనకేనని క్రైస్తవ పూజా విధానంలోనే ఒక భావం ఉంది. ఫ్రాన్సిస్ జీవితంలో అదే కనిపిస్తుంది. అడగడంలో మన దృష్టి మన అవసరం మీద ఉంటుంది. ఎలుకలు తిరిగే చీకటి గుడిసెలో ఆయన తన అవసరం గురించే ఆలోచిస్తూ ఉండిపోవచ్చు. స్తుతి ఆయన్ని ఆ గుడిసెలోంచి బయటికి, గాలిలోకి, నీళ్ల దగ్గరికి, సూర్యుడి కిందికి తీసుకెళ్లింది. కళ్లు పోయినా లోకాన్ని పోగొట్టుకోలేదు.

ఈ వారం ఒక చిన్న పని చేసి చూడండి. మీ ఇష్టదైవం ముందు ఐదు నిమిషాలు కూర్చోండి. ఏమీ అడగొద్దు, జరిగిన వాటికి థాంక్స్ కూడా వద్దు. ఆయన లేదా ఆవిడ ఎలాంటివారో మాత్రం మీ సొంత మాటల్లో చెప్పండి. మొదటి నిమిషం కష్టంగానే ఉంటుంది. ఎలా అనిపించిందో మాకూ చెప్పండి. వచ్చే వీడియోలో కలుద్దాం.