ఎలివేషన్ వెనక విశ్వేశ్వరయ్య

ముందే చెప్పేస్తున్నా, నేను పక్కా ఇంగ్లిష్ మీడియం బ్యాచ్. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన క్లబ్ వాళ్ళు సరిచేస్తారన్న ధైర్యంతో రాస్తున్నా.

మాది మన్ననూర్. శ్రీశైలం వెళ్ళినవాళ్ళకి తెలిసే ఉంటుంది. నల్లమల అడవి మొదలయ్యే చోట ఫారెస్ట్ చెక్‌పోస్ట్ వస్తుంది కదా, ఆ ఊరే. 2025 ఎండాకాలంలో మా పాత గూన పెంకుల ఇల్లు తీసేసి కొత్తిల్లు మొదలుపెట్టారు. స్లాబ్ పడ్డాక నాన్న నాకు వాట్సాప్‌లో ఒక త్రీడీ బొమ్మ పంపించాడు. ముందు గోడ మొత్తం గ్రే కలర్ ఏసీపీ షీట్లు, పైన నీలం అద్దాలు, పిట్టగోడకి జాలీ డిజైన్, మెట్ల పక్కన కింద నుంచి పైదాకా ఎల్ఈడీ లైటు. మణికొండలోనో నార్సింగిలోనో ఉండాల్సిన ఇంటి ముఖాన్ని తెచ్చి మా వీధిలో అతికించినట్టుంది. నేను ఒక నవ్వే ఎమోజీ పెట్టా. అంతే, నాన్న రెండు రోజులు నా ఫోన్ ఎత్తలేదు.

తర్వాత దసరా సెలవులొచ్చాయి. సెప్టెంబర్ 26 రాత్రి నేను హాస్టల్లో బ్యాగు సర్దుకుంటుంటే, మూసీ నీళ్ళు ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి వచ్చేశాయని వీడియోలు మొదలయ్యాయి. నేను ఎప్పుడూ ఊరి బస్సెక్కే చోటు అది. ప్రయాణం ఆగిపోయింది. ఏం తోచక మూసీ వరదల గురించి వెతుకుతుంటే, 1908లో పెద్ద వరద వచ్చిన తేదీ సెప్టెంబర్ 28 అని కనిపించింది. అంటే రెండు రోజులు తక్కువ 117 ఏళ్ళు! అక్కడి నుంచి ఒక మనిషి దగ్గరికి వెళ్ళా. మన కాలేజీల్లో ఏటా సెప్టెంబర్ 15న దండ వేసి, పదహారో తారీఖు మర్చిపోయే మనిషి, మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

రైలు చైన్ లాగిన కథ, రెండు దీపాల కథ మీ ఫ్యామిలీ గ్రూపుల్లో వచ్చే ఉంటాయి. అవి నేను రాయను.

ఆయన పుట్టింది 1861 సెప్టెంబర్ 15న, మైసూరు రాజ్యంలోని ముద్దెనహళ్ళిలో. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు, తల్లి వెంకటలక్ష్మమ్మ. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. మోక్షగుండం అన్నది వాళ్ళ పూర్వీకుల ఊరు, గిద్దలూరు ప్రాంతంలో ఉంది. నల్లమలకి ఈ పక్క మేముంటే ఆ పక్క వాళ్ళ ఊరు. ఇది తెలిశాక నాకు ఆయన మీద కొంచెం ఇరుగుపొరుగు ప్రేమ పుట్టిందని ఒప్పుకుంటున్నా.

టీనేజ్‌లోనే తండ్రి పోయాడు. బెంగళూరు వచ్చి, చిన్నపిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బీఏ పూర్తి చేశారు. ఆ తర్వాత మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇస్తే పూనా వెళ్ళి సివిల్ ఇంజినీరింగ్ చదివారు. 1883లో ఫస్ట్ ర్యాంక్. మరుసటి ఏడాది బొంబాయి ప్రభుత్వ పీడబ్ల్యూడీలో అసిస్టెంట్ ఇంజినీర్ ఉద్యోగం.

ఆయన అక్కడ చేసిన పనులు చదువుతుంటే నాకొకటి అర్థమైంది. ఫోటో తీసి పెట్టుకోవడానికి వాటిలో దాదాపు ఏమీ ఉండదు. సింధ్‌లోని సుక్కూరులో జనానికి తాగునీరు కావాలి, నది నీళ్ళేమో బురద. ఫిల్టర్లు కట్టడానికి డబ్బుల్లేవు. ఆయన నది ఇసుకలోనే బావి తవ్వించి, ఆ ఇసుకే నీళ్ళని వడకట్టేలా చేశారు. పైనుంచి చూస్తే ఏముంది? బావి.

1903లో పూనా దగ్గర ఖడక్‌వాస్లా చెరువుకి ఆటోమేటిక్ గేట్లు పెట్టించారు. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీళ్ళు నిలవచెయ్యొచ్చు. నీటిమట్టం హద్దు దాటితే గేట్లు వాటంతటవే తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి. మనిషి కాపలా ఉండి తిప్పక్కర్లేదు. మన సీఎస్ఈ వాళ్ళ భాషలో చెప్పాలంటే ఒక ఇఫ్ కండిషన్‌ని ఇనుముతో రాశారు. 1906లో ఏడెన్ పంపిస్తే, అక్కడా చూసింది తాగునీరు, మురుగునీరు.

1908కల్లా ఆయనకి ఆ ఉద్యోగంలో పైకి దారి కనిపించలేదు. చీఫ్ ఇంజినీర్ కుర్చీ తెల్లవాళ్ళకే. ఉద్యోగం వదిలేసి, సొంత ఖర్చుతో దేశాలు చూడటానికి వెళ్ళారు. అలా తిరుగుతున్నప్పుడే హైదరాబాద్ నుంచి పిలుపొచ్చింది.

ఇక్కడ హైదరాబాద్‌లో ఏం జరిగిందంటే, 1908 సెప్టెంబర్ 28న మూసీ ఒడ్డు దాటి ఊరి మీద పడింది. చనిపోయినవాళ్ళు దాదాపు 15,000 మంది అని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పాలన. ఊరు మళ్ళీ కట్టాలి, ఇంకోసారి ఇలా కాకూడదు. విశ్వేశ్వరయ్య 1909 ఏప్రిల్‌లో వచ్చి పని మొదలుపెట్టారు.

నేనైతే కూలిన ఇళ్ళ దగ్గర మొదలుపెట్టేవాణ్ణి. ఆయన ఊరు వదిలి నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో చూడటానికి ఎగువకి వెళ్ళారు. వాన లెక్కలు తీశారు, చెరువులు లెక్కపెట్టించారు. మూసీకి నీళ్ళు చేరే ప్రాంతంలో మొత్తం 788 చెరువులు. వాటిలో 221 తెగిపోయాయి. ఒక చెరువు తెగి కింద చెరువు మీద పడటం, అది తెగి ఇంకోదాని మీద పడటం. నా భాషలో చెప్పాలంటే ఎర్రర్ కనిపించింది అఫ్జల్‌గంజ్‌లో, బగ్ ఉన్నది ఎక్కడో పైన.

ఆయన ఇచ్చిన సలహా, ఊరికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి రిజర్వాయర్లు కట్టాలి. పెద్ద వరదొస్తే పట్టడానికి వాటిలో చోటు ఉండాలి, తర్వాత నీళ్ళని కొంచెం కొంచెంగా వదలాలి. దాంతోపాటు ఊళ్ళో నది గట్లు ఎత్తు చెయ్యాలి, ఒడ్డున తోటలు వెయ్యాలి, నగరం మొత్తానికి మురుగు కాలువల ప్లాన్ కావాలి. రిపోర్టులిచ్చి, అదే ఏడాది నవంబర్‌లో మైసూరు చీఫ్ ఇంజినీర్‌గా వెళ్ళిపోయారు. హైదరాబాద్‌లో ఉన్నది అన్నీ కలిపి ఏడు నెలలే. మన ఒక సెమిస్టర్ కన్నా కాస్త ఎక్కువ! 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. డ్రైనేజీ పని కోసం ఆయన్ని తర్వాత కూడా పిలిపించుకున్నారు.

ఇప్పుడు ఎలివేషన్ సంగతి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు తీసేసి రోడ్లు వెడల్పు చేశారు, కొత్త ఇళ్ళు కట్టారు. మదీనా నుంచి చార్మినార్ వైపు నడిస్తే వచ్చే పత్తర్‌గట్టి ఆ బోర్డు కట్టించిందే. రెండు పక్కలా రాతి కమాన్లు, కింద దుకాణాలు, పైన ఇంకో అంతస్తు, వీధి మొత్తానికి ఒకే ముఖం. పక్కింటికన్నా నాది స్పెషల్‌గా ఉండాలన్న గోల లేదు. మూసీ ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి, వాటికి ఆర్కిటెక్టు విన్సెంట్ ఎష్. మనం రీల్స్‌లో చూసే పాత హైదరాబాద్ ముఖం చాలావరకు ఇదే.

ఆ ముఖంలో విశ్వేశ్వరయ్య గీసింది నాకు ఎక్కడా కనిపించలేదు. కానీ ముంచేసిన నది ఒడ్డునే అంత ఖరీదైన భవనాలు కట్టే ధైర్యం వచ్చిందంటే, ఊరికి ఎగువన ఆ రెండు చెరువుల ప్లాన్ ఉండబట్టే అని నాకనిపిస్తుంది. 2025లో వాటి గేట్లెత్తాకే నీళ్ళు బస్టాండ్ దాకా వచ్చాయన్నది కూడా నిజం. ఎంత మంచి ఇంజినీరింగ్ అయినా నదికి దాని చోటు దానికి వదలాల్సిందే.

మిగతా జీవితం మీకు జీకే బిట్లలో వచ్చేదే. 1912 నుంచి 1918 దాకా మైసూరు దివాన్. కావేరి మీద కృష్ణరాజసాగర్, మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, మరుసటి ఏడాది బెంగళూరులో ఇంజినీరింగ్ కాలేజీ. 1955లో భారతరత్న. 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో నూరేళ్ళు దాటి చనిపోయారు.

ఆయనకీ ఒక ఎలివేషన్ ఉండేది. తలపాగా, కోటు, టై, చెక్కుచెదరని మడతలు. మనం దండ వేసే విగ్రహానికి ఉన్నవి అవే. దాని వెనక ఏముందో కూడా చూడాలి కదా. 1918లో మైసూరు మహారాజు వెనకబడిన కులాలకి ప్రభుత్వ ఉద్యోగాల్లో వాటా కోసం మిల్లర్ కమిటీ వేశారు. విశ్వేశ్వరయ్యకి అది నచ్చలేదు, ప్రతిభ ఒక్కటే చూడాలన్నది ఆయన పట్టుదల. ఆ తేడాతోనే దివాన్ పదవి వదిలేశారు. ఈ విషయంలో నేను ఆయన పక్కన లేను. మా ఊళ్ళో చెంచుల కోసం పెట్టిన ఐటీడీఏ ఆఫీసు ముందు నుంచే నేను రోజూ స్కూలుకి వెళ్ళా. అందరూ ఒకే గీత దగ్గర పరుగు మొదలుపెట్టరని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎక్కడో ఎగువన తెగిన చెరువుని కనిపెట్టిన మనిషికి ఇది ఎందుకు కనపడలేదో నాకిప్పటికీ అర్థం కాదు. దండ వేస్తా, ఈ ప్రశ్న కూడా పెట్టుకుంటా.

మూడు రోజుల తర్వాత ఊరికి వెళ్ళా. ఇదంతా చదివి బాగా వేడి మీదున్నా కదా, నాన్నకి క్లాస్ పీకాలని డిసైడయ్యా. ఎలివేషన్ డబ్బులు దండగ, ఆ డబ్బుతో ఇంకుడు గుంత తవ్వించాలి, స్లాబ్ నీళ్ళు పల్లంలో ఉన్న వెనకింటి వాళ్ళ మీద పడకూడదు, ఇదీ నా ప్రజెంటేషన్. నాన్న ఏమీ అనకుండా నన్ను డాబా మీదికి తీసుకెళ్ళి, ఒక మూలన బకెట్ నీళ్ళు కుమ్మరించాడు. నీళ్ళు ఎక్కడా ఆగకుండా ఎదురు మూలకి పాకి పైపులోకి దిగాయి. పైపు కింద గుంత. అందులో కంకర, పైన ఇసుక. నేను వాట్సాప్‌లో నవ్విన వారానికే అది పూర్తయిందట. ఇల్లు కట్టేవాడు ముందు నీళ్ళ వాటం చూస్తాడు, రంగులు చివర్లో అన్నాడు.

నేను మర్చిపోయింది ఏంటంటే, నాన్న పన్నెండేళ్ళు హైదరాబాద్‌లో ప్లాస్టింగ్ పని చేశాడు. పాలమూరు నుంచి కూలికి వెళ్ళిన వేలమందిలో ఒకడు. నేను చదువుకున్న ఇంగ్లిష్ మీడియం ఫీజు అక్కడిదే. ఆ రాత్రి అమ్మ చెప్పింది, ఒక ఇంటి ముందు గోడ నాన్న నెల రోజులు చెక్కాడట. గృహప్రవేశం అయ్యాక మర్చిపోయిన తాపీ కోసం వెళ్తే, వాచ్‌మన్ గేటు లోపలికి రానివ్వలేదట. ఊళ్ళో అందరికీ తెలిసేలా అలాంటి ముఖం ఒకటి తన ఇంటికి తనే పెట్టుకోవాలని అప్పటి నుంచీ అనుకుంటున్నాడట.

పొద్దున్నే లేచి ఆ త్రీడీ బొమ్మ మళ్ళీ తీసి చూశా. జాలీ డిజైన్ నిజానికి బాగుంది. ఏసీపీ గ్రే బదులు ఇటుక రంగు అయితే మా వీధికి సరిపోతుందన్నా. నాన్న సరే అన్నాడు. ఎల్ఈడీ లైటుకి మాత్రం అమ్మ ఒప్పుకోలేదు, అడవి పక్కన రాత్రంతా లైటేంటని. ఆ పంచాయితీ ఇంకా నడుస్తోంది.